సానుభూతి ఉంది, వీసా లేదు: యూదుల వేటపై అమెరికా స్పందన, 1933–45

1938 నవంబరు 9, 10 తేదీల్లో నాజీలు జర్మనీ, ఆస్ట్రియాల్లో యూదుల ప్రార్థనాలయాలను తగలబెట్టి, వేలాది దుకాణాలను ధ్వంసం చేసి, దాదాపు 30 వేల మంది యూదు పురుషులను నిర్బంధ శిబిరాలకు తరలించారు. ఆ వార్తలు అమెరికా పత్రికల మొదటి పేజీల్లో రోజుల తరబడి వచ్చాయి. రెండు వారాల తర్వాత గ్యాలప్ సంస్థ జరిపిన అభిప్రాయ సేకరణలో, యూదుల పట్ల నాజీలు వ్యవహరిస్తున్న తీరు తప్పని 94 శాతం మంది అమెరికన్లు చెప్పారు. అయితే జర్మనీ వెళ్లగొడుతున్న యూదులను ఇంకా ఎక్కువ సంఖ్యలో మన దేశంలోకి రానిద్దామా అని అడిగినప్పుడు 70 శాతానికి పైగా వద్దన్నారు. నాజీల కాలంలో అమెరికా ఏం చేసింది, ఏం చేయలేదు అనేది తెలుసుకోవాలంటే ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. ఏ ఒక్కదాన్ని వదిలేసినా సగం కథే మిగులుతుంది.

ఈ విషయంపై సాధారణంగా రెండు వివరణలు వినిపిస్తాయి. యూరప్‌లో జరుగుతున్నది యుద్ధం ముగిసేదాకా అమెరికన్లకు తెలియదన్నది మొదటిది. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు, ఆయన ప్రభుత్వానికి యూదులంటే పట్టలేదన్నది రెండవది. మొదటిది అసలు నిలబడదు. రెండవదానిలో కొంత నిజం ఉన్నా, నేరమంతటినీ ఒక మనిషి మీద మోపడం వల్ల అసలు యంత్రాంగం కనుమరుగవుతుంది. సమాచారానికి కొరత లేదు, సానుభూతికీ కొరత లేదు. లేనిది ఆ సానుభూతిని ఓడ టిక్కెట్టుగా, ప్రవేశ పత్రంగా మార్చగల చట్టం. ఆ చట్టాన్ని మార్చాలన్న పట్టుదల. ఆ లోటు హిట్లర్ రాకకు ముందే, 1924లోనే ఏర్పడింది.

తలుపు తెరిచి ఉన్న రోజులు

విదేశాల్లో యూదులను హింసించినప్పుడు అమెరికన్లు నోరు విప్పడం నాజీల కాలంలో మొదలైంది కాదు. 1840లో డమాస్కస్‌లో యూదుల మీద హత్యానేరం మోపి చిత్రహింసలు పెట్టినప్పుడు అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ ప్రభుత్వం నిరసన తెలిపింది. 1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో యూదుల ఊచకోత జరిగినప్పుడు అమెరికా నగరాల్లో సభలు జరిగాయి, విరాళాలు పోగయ్యాయి, వేలాది సంతకాలతో వినతిపత్రం తయారైంది. జార్ ప్రభుత్వం దాన్ని తీసుకోవడానికి నిరాకరించింది. 1911లో మరో అడుగు ముందుకు పడింది. అమెరికా పాస్‌పోర్టు ఉన్న యూదులను సైతం రష్యా రానివ్వడం లేదన్న కారణంతో 1832 నాటి వాణిజ్య ఒప్పందాన్ని రద్దు చేయాలని ప్రతినిధుల సభ 301 ఓట్లతో తీర్మానించింది. వ్యతిరేకంగా పడిన ఓటు ఒక్కటే.

ఈ నిరసనల వల్ల జార్ మనసు మారలేదు. అయినా అప్పటి యూదులకు ఒక దారి మిగిలి ఉంది. 1881 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా తూర్పు యూరప్ నుంచి దాదాపు 20 లక్షల మంది యూదులు అమెరికా చేరుకున్నారు. ఓడెక్కి న్యూయార్కు రేవులో దిగి, వైద్య పరీక్షలో నెగ్గితే చాలు. వాళ్లకు అండగా నిలిచింది వాషింగ్టన్ ప్రకటనలు కావు, తెరిచి ఉన్న రేవులు.

1924 నాటి వలస చట్టం ఆ రేవులను మూసేసింది. ఏ దేశంలో పుట్టినవారికి ఏడాదికి ఎన్ని వీసాలు ఇవ్వాలో అది కోటాలుగా పంచింది. బ్రిటన్, ఐర్లాండ్, జర్మనీలకు పెద్ద వాటాలు దక్కాయి. యూదులు ఎక్కువగా ఉన్న తూర్పు యూరప్‌కు మెతుకులు మిగిలాయి. 30 లక్షలకు పైగా యూదులున్న పోలండ్‌కు 6,524, రుమేనియాకు 377. జర్మనీ కోటా 25,957. ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకున్నాక రెంటికీ కలిపి 27,370. ఇదంతా ‘జాతి మేలు’ పేరిట అప్పట్లో చెలామణి అయిన కుహనా శాస్త్రం మీద నిలబడిన చట్టం. శరణార్థి అనే మాటకు అందులో చోటే లేదు. ప్రాణభయంతో పారిపోయి వచ్చిన మనిషీ, మెరుగైన జీతం వెతుక్కుంటూ వచ్చిన మనిషీ ఒకే వరుసలో నిలబడాలి.

ఆ చట్టం తెలుగువారికి పరాయి విషయమేమీ కాదు. 1917 నాటి వలస చట్టం భారతదేశాన్ని నిషిద్ధ ప్రాంతంలో చేర్చింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది, 1924 చట్టం ఆ గడియను బిగించింది. 1946లో తలుపు కొద్దిగా తెరిచినప్పుడు కూడా భారతదేశమంతటికీ ఏడాదికి దక్కినవి 100 వీసాలే. ఈ కోటాల పద్ధతిని 1965లో రద్దు చేశాకే హైదరాబాదు, విజయవాడ, గుంటూరుల నుంచి డాక్టర్లూ ఇంజనీర్లూ అమెరికా వెళ్లడం సాధ్యమైంది. ఈ రోజు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయంటే, ఆనాడు యూదులను అడ్డుకున్న గోడ కూలడమే అందుకు కారణం.

కాగితాల వల

కోటా అంటే గరిష్ఠ పరిమితి మాత్రమే. అన్ని వీసాలు ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. 1917 చట్టంలో మరో నిబంధన ఉంది: ప్రభుత్వానికి భారం కాగలడనిపించే వ్యక్తిని రానివ్వకూడదు. మహా మాంద్యం మొదలయ్యాక, 1930 సెప్టెంబరులో అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం ఈ నిబంధనను కఠినంగా అమలు చేయాలని విదేశాల్లోని కాన్సులేట్లకు ఆదేశాలిచ్చింది. ఫలితంగా హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో జర్మన్ కోటా కింద జారీ అయిన వీసాలు 1,241 మాత్రమే; మిగిలిన 24 వేలకు పైగా స్థానాలు ఖాళీగా మురిగిపోయాయి.

దరఖాస్తు చేసుకున్న యూదు కుటుంబం ఏమేం సమకూర్చుకోవాలో ఒకసారి చూడాలి. పుట్టిన తేదీ పత్రం కావాలి, వైద్య పరీక్ష నివేదిక కావాలి, దరఖాస్తు పలు ప్రతుల్లో నింపాలి. అమెరికాలో ఉన్న బంధువో పరిచయస్తుడో పోషణకు పూచీ పడుతూ అఫిడవిట్ పంపాలి. దానికి తోడు ఆయన ఆదాయపు పన్ను పత్రం, బ్యాంకు నిల్వ వివరాలు జతపరచాలి. ఆ పూచీదారు దగ్గరి బంధువు కాకపోతే కాన్సులేటు అధికారికి అనుమానం. వీటన్నిటితో పాటు సత్ప్రవర్తన పత్రం తేవాలి. దాన్ని ఇవ్వవలసింది జర్మన్ పోలీసులు, అంటే ఆ కుటుంబాన్ని వేటాడుతున్న ప్రభుత్వమే. ఒక పత్రం చేతికొచ్చేసరికి మరో పత్రానికి గడువు తీరిపోయేది. వీసాల కోసం కాగితాలు పోగుచేసి, కాన్సులేటు మెట్ల మీద నిలబడిన అనుభవం మనలో చాలామందికి ఉంది. కాకపోతే మనం ఇంటికి తిరిగి రాగలం, వాళ్లకు తిరిగి వెళ్లడానికి ఇల్లు మిగల్లేదు.

ఇందులో అన్నిటికన్నా క్రూరమైన ముడి ఒకటుంది. దేశం విడిచి వెళ్లే యూదుల ఆస్తి మీద జర్మనీ భారీ నిష్క్రమణ పన్ను వేసేది, చేతిలో 10 రైష్‌మార్కులకు మించి తీసుకెళ్లనిచ్చేది కాదు. అలా నిలువు దోపిడీకి గురై వచ్చిన మనిషిని చూసి, నీ దగ్గర డబ్బు లేదు కాబట్టి మాకు భారమవుతావని అమెరికా కాన్సులేటు చెప్పేది. ఒక ప్రభుత్వం బిచ్చగాణ్ణి చేస్తే, మరో ప్రభుత్వం బిచ్చగాడివి కనుక రావద్దంది. రెండు నిబంధనలూ విడివిడిగా చూస్తే ఎవరో గుమాస్తా రాసుకున్న మామూలు నియమాల్లా కనిపిస్తాయి. కలిశాక అవి ఉరితాడయ్యాయి.

1936 తర్వాత అమెరికా ‘భారం కాగలడు’ అన్న ఈ నిబంధనను కొంత సడలించింది. కార్మిక మంత్రి ఫ్రాన్సిస్ పెర్కిన్స్ వంటివారు అందుకోసం పట్టుబట్టారు. 1938 నవంబరు దారుణం తర్వాత రూజ్‌వెల్ట్ బెర్లిన్ నుంచి తన రాయబారిని వెనక్కి పిలిపించారు. ఇరవయ్యో శతాబ్దపు నాగరికతలో ఇలాంటివి జరుగుతాయంటే నమ్మలేకపోతున్నానని విలేకరుల సమావేశంలో అన్నారు. అప్పటికే సందర్శకుల వీసాల మీద అమెరికాలో ఉన్న 12 నుంచి 15 వేల మంది జర్మన్ శరణార్థులను వెనక్కి పంపబోమని ప్రకటించారు. కోటాలను పెంచుతారా అన్న ప్రశ్నకు మాత్రం ఆ ఆలోచన లేదన్నారు. హిట్లర్ పాలన మొదలయ్యాక జర్మన్ కోటా పూర్తిగా నిండింది మొదటిసారి 1939లోనే. అప్పటికి వెయిటింగ్ లిస్టులో 3 లక్షల మందికి పైగా ఉన్నారు. చివర ఉన్నవారి వంతు రావాలంటే పదకొండేళ్లు పట్టేది.

ఎందుకు వద్దన్నారు

94 శాతం మంది తప్పుపట్టిన దేశంలో అంతమంది ఎందుకు వద్దన్నారన్నది తేలిగ్గా తీసుకోవలసిన ప్రశ్న కాదు. 1933లో అమెరికాలో ప్రతి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. 1938లోనూ నిరుద్యోగం తీవ్రంగానే ఉంది. వచ్చేవాడు మన పని లాక్కుంటాడన్న భయం నిజమైన ఆకలి నుంచి పుట్టింది. దానికి యూదు ద్వేషం తోడైంది. కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ 1920లలోనే తన పత్రికలో యూదుల మీద విషం చిమ్మారు. డెట్రాయిట్ దగ్గరి క్యాథలిక్ ఫాదర్ చార్లెస్ కోగ్లిన్ రేడియో ప్రసంగాలను లక్షలాది మంది వినేవారు. 1938 నాటికి ఆయన బాహాటంగా నాజీల వాదాన్నే వల్లించసాగారు. 1939 ఫిబ్రవరిలో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హిట్లర్ అభిమానులు జరిపిన సభకు 20 వేల మంది వచ్చారు. ఇంతకన్నా విస్తృతమైనది మౌన వివక్ష: యూదు విద్యార్థులకు విశ్వవిద్యాలయాల్లో పరిమితులు, హోటళ్లలో, క్లబ్బుల్లో ప్రవేశ నిషేధం. నల్లజాతి పత్రికలు అప్పుడే ఒక మాట సూటిగా అడిగాయి: దక్షిణాదిన మనుషులను చెట్లకు ఉరితీస్తుంటే కదలని ప్రభుత్వం బెర్లిన్‌కు ఏ నోటితో బుద్ధి చెబుతుంది?

అలాగని అమెరికన్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారనడమూ సరికాదు. 1933 మార్చి 27న అమెరికన్ జ్యూయిష్ కాంగ్రెస్ పిలుపుతో, రబ్బీ (యూదు మతగురువు) స్టీఫెన్ వైజ్ నాయకత్వంలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో భారీ నిరసన సభ జరిగింది. హాలు నిండిపోగా వేలాది మంది వీధుల్లో నిలబడ్డారు. క్రైస్తవ మతపెద్దలూ, కార్మిక నాయకులూ ప్రసంగించారు. జర్మన్ సరుకుల బహిష్కరణ మొదలైంది. యూదు సంఘాల్లోనే దీనిపై ఏకాభిప్రాయం లేదు; పాత తరానికి చెందిన అమెరికన్ జ్యూయిష్ కమిటీ, వీధికెక్కితే జర్మనీలోని యూదులకే ముప్పు, ఇక్కడి యూదు ద్వేషులకు ఊతం అని భావించి తెరవెనుక మంతనాలనే నమ్ముకుంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌ను బహిష్కరించాలన్న ఉద్యమం అమెరికా అథ్లెటిక్ సంఘంలో స్వల్ప తేడాతో ఓడింది. ఉద్యోగాలు పోయిన పండితుల కోసం 1933లోనే ఏర్పడిన కమిటీ ఆ తర్వాతి పన్నెండేళ్లలో 300కు పైగా విద్వాంసులకు ఆశ్రయం చూపింది. శ్వేతజాతి విశ్వవిద్యాలయాలు తీసుకోని కొందరు యూదు ఆచార్యులకు దక్షిణాదిలోని నల్లజాతి కళాశాలలు ఉద్యోగాలిచ్చాయి. ఆ కాలపు చరిత్రలో ఇది చెప్పుకోదగ్గ ఘట్టమని నా నమ్మకం.

1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో రూజ్‌వెల్ట్ చొరవతోనే 32 దేశాల సమావేశం జరిగింది. ఏ దేశమూ తన వలస చట్టాన్ని మార్చుకోనక్కర్లేదని ఆహ్వానంలోనే భరోసా ఇవ్వడంతో, ప్రతినిధులు ఒకరి తర్వాత ఒకరు లేచి విచారం ప్రకటించి కూర్చున్నారు. గణనీయమైన సంఖ్యలో తీసుకుంటామన్నది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే.

పిల్లల బిల్లు దగ్గర ఆగి చూడాలి. అమెరికా అంతరంగం అక్కడ బయటపడినంతగా మరెక్కడా బయటపడలేదు. 1939 ఫిబ్రవరిలో సెనేటర్ రాబర్ట్ వాగ్నర్, ప్రతినిధుల సభ సభ్యురాలు ఎడిత్ రోజర్స్ ఒక బిల్లు పెట్టారు. ఒకరు డెమోక్రాట్, మరొకరు రిపబ్లికన్. పద్నాలుగేళ్ల లోపు జర్మన్ పిల్లలు 20 వేల మందిని రెండేళ్లలో కోటాకు బయట రానివ్వాలన్నది ప్రతిపాదన. పిల్లలు ఉద్యోగాలకు పోటీ రారు. ఖర్చు స్వచ్ఛంద సంస్థలు భరిస్తాయి. క్వేకర్లు అనే శాంతివాద క్రైస్తవ శాఖవారు, కార్మిక సంఘాలు సమర్థించాయి. 1930లో తలుపు బిగించిన హూవరే ఇప్పుడు మద్దతిచ్చారు. అప్పటికే బ్రిటన్ దాదాపు 10 వేల మంది పిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టింది. అయినా అమెరికన్ లీజియన్ వంటి దేశభక్త సంఘాలు అడ్డుపడ్డాయి. మన పిల్లలే పస్తులుంటే పరాయి పిల్లలెందుకన్నాయి. ఎలనార్ రూజ్‌వెల్ట్ బిల్లును బహిరంగంగా సమర్థించారు. ఆమె భర్త వద్దకు వచ్చిన కాగితం మీద మాత్రం చర్య అవసరం లేదన్న రాత పడింది. చివరకు ఈ పిల్లలను కోటాలోనే లెక్కించాలని సవరణ పెట్టారు. అలా చేస్తే ఒక పిల్లవాడు బతకడానికి వీసా కోసం వేచి ఉన్న మరొకరి స్థానం పోతుంది. వాగ్నర్ బిల్లును ఉపసంహరించుకున్నారు. మరుసటి ఏడు జర్మన్ విమానాలు లండన్ మీద బాంబులు వేస్తాయన్న భయంతో బ్రిటిష్ పిల్లలను రప్పించాలన్నప్పుడు అదే ప్రజలు ఉత్సాహంగా ఇళ్లు తెరిచారు, నిబంధనలూ చకచకా సడలాయి. ఉద్యోగాల భయం, ఖర్చుల భయం అన్న వాదనలు ఎంతవరకు నిజమో ఈ పోలిక చూశాక నాకు అనుమానం మిగల్లేదు.

1939 మేలోనే సెయింట్ లూయిస్ ఓడ 937 మంది ప్రయాణికులతో హాంబర్గ్ నుంచి క్యూబాకు బయలుదేరింది. వారిలో దాదాపు అందరూ యూదులే. చాలామంది అమెరికా వీసా కోసం పేరు నమోదు చేసుకుని, వంతు వచ్చేదాకా క్యూబాలో తలదాచుకుందామనుకున్నవారు. క్యూబా 28 మందిని తప్ప దిగనివ్వలేదు. ఓడ మయామి దీపాలు కనిపించేంత దగ్గరగా వచ్చినా అమెరికా అనుమతించలేదు. మీ వంతు వచ్చేదాకా ఆగాలన్నది విదేశాంగ శాఖ సమాధానం. జాయింట్ అనే పేరుతో పిలిచే అమెరికన్ యూదు సహాయ సంస్థ డబ్బు పూచీ కట్టి, బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, హాలండ్‌లను ఒప్పించగలిగింది. దాదాపు ఏడాదికే ఆ నాలుగింటిలో మూడు దేశాలు జర్మనీ వశమయ్యాయి. వెనక్కి వెళ్లినవారిలో 254 మంది హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు సాగించిన యూదుల సామూహిక హత్యాకాండలో చనిపోయారు.

వాయిదా, మళ్లీ వాయిదా

1940 జూన్‌లో ఫ్రాన్స్ పతనమయ్యాక అమెరికాలో కొత్త భయం పట్టుకుంది: శరణార్థుల వేషంలో గూఢచారులు వస్తున్నారని. అలాంటి కేసులు రుజువైనవి వేళ్ల మీద లెక్కించదగినన్నే అయినా, పత్రికలు, చివరకు అధ్యక్షుడు కూడా ఆ మాట అన్నారు. వీసాల వ్యవహారం అప్పటికి విదేశాంగ శాఖ సహాయ కార్యదర్శి బ్రెకిన్‌రిడ్జ్ లాంగ్ చేతిలో ఉంది. జూన్ 26న ఆయన రాసిన అంతర్గత పత్రం ఇప్పటికీ చదవవచ్చు. కాన్సులేట్లకు ఒక మాట చెబితే చాలు, అన్ని అడ్డంకులూ పెట్టి, అదనపు రుజువులు అడిగి, వీసాల మంజూరును వాయిదా వేస్తూ, వాయిదా వేస్తూ, వాయిదా వేస్తూ పోవచ్చని ఆయన అందులో వివరించారు. చట్టం మార్చనక్కర్లేదు, ప్రకటన చేయనక్కర్లేదు. 1941 జూన్‌లో మరో నిబంధన వచ్చింది: జర్మనీ అధీనంలోని ప్రాంతంలో దగ్గరి బంధువులు మిగిలి ఉన్నవారికి వీసా ఇవ్వరాదు, ఎందుకంటే బంధువులను బందీలుగా పెట్టుకుని నాజీలు వారిచేత గూఢచర్యం చేయించవచ్చు.

ఈ వాయిదాలు ఒక ఇంటి మీద ఎలా పడ్డాయో చెప్పడానికి అందరికీ తెలిసిన కుటుంబాన్నే తీసుకుందాం. డైరీతో ప్రసిద్ధురాలైన ఆన్ ఫ్రాంక్ తండ్రి ఓటో ఫ్రాంక్ 1938లోనే రాటర్‌డామ్‌లోని అమెరికా కాన్సులేటులో దరఖాస్తు చేశారు. 1940 మేలో జర్మన్ బాంబుదాడిలో ఆ కాన్సులేటులోని కాగితాలు కాలిపోయాయి. 1941 ఏప్రిల్ 30న ఆయన న్యూయార్కులోని తన పాత సహాధ్యాయి నేథన్ స్ట్రాస్‌కు ఉత్తరం రాశారు. స్ట్రాస్ సంపన్న కుటుంబీకుడు, ప్రభుత్వంలో పలుకుబడి ఉన్న అధికారి. తాము వెళ్లగలిగిన దేశం అమెరికా ఒక్కటేనని, 5,000 డాలర్ల పూచీ కావాలని, తన కన్నా పిల్లల కోసమే అడుగుతున్నానని ఓటో రాశారు. ఆయన భార్య ఎడిత్ సోదరులు అప్పటికే మసాచుసెట్స్‌లో పని చేసుకుంటూ ఉన్నారు; వారూ అఫిడవిట్లకు సిద్ధపడ్డారు. స్ట్రాస్ వాకబు చేశారు. కానీ జులైకల్లా జర్మనీ అధీనంలోని దేశాల్లో అమెరికా కాన్సులేట్లు మూతపడ్డాయి. వీసా కోసం వేరే దేశం చేరాలి, వేరే దేశం చేరడానికి అనుమతి కావాలి. ఆఖరి ప్రయత్నంగా క్యూబా వీసాకు ప్రయత్నిస్తే, డిసెంబరు 1న ఓటో ఒక్కరికే మంజూరైంది. పది రోజులకు జర్మనీ అమెరికా మీద యుద్ధం ప్రకటించింది, ఆ వీసా రద్దయింది. ఈ వరుసలో ఎక్కడా ఎవరూ ఆ కుటుంబాన్ని చావమని ఆదేశించలేదు. డబ్బూ, పరిచయాలూ, పూచీదారులూ అన్నీ ఉన్న కుటుంబానికే దారి దొరకలేదంటే, అవేవీ లేని పోలండ్ పల్లెటూరి చెప్పులు కుట్టే మనిషి సంగతి వేరే చెప్పాలా?

అదే కాలంలో, అవే నిబంధనల మధ్య, వేరే రకంగా నడుచుకున్నవారూ ఉన్నారు. 1940 ఆగస్టులో పాత్రికేయుడు వేరియన్ ఫ్రై 3,000 డాలర్లు, 200 పేర్ల జాబితా పట్టుకుని ఫ్రాన్స్‌లోని మార్సేల్ నగరంలో దిగారు. ఏడాది పైచిలుకు అక్కడే ఉండి, దొంగ పత్రాలతో, స్పెయిన్ సరిహద్దులోని పిరనీస్ కొండదారుల గుండా దాదాపు 2,000 మందిని తప్పించారు. చిత్రకారుడు మార్క్ షగాల్, తత్త్వవేత్త హన్నా ఆరెంట్ వారిలో ఉన్నారు. మార్సేల్‌లో ఉప కాన్సుల్‌గా ఉన్న హైరమ్ బింగమ్ తన పై అధికారుల ధోరణికి విరుద్ధంగా ఉదారంగా వీసాలిచ్చి ఆయనకు తోడ్పడ్డారు. ఫ్రైని ఫ్రెంచి పోలీసులు వెళ్లగొట్టారు, బింగమ్‌ను బదిలీ చేశారు. ఒకే నిబంధనల పుస్తకం ఎదుట ఉన్నా, చదివే మనిషిని బట్టి ఫలితం మారిందన్నమాట.

తెలిశాక

1942 ఆగస్టు 8న జెనీవాలో ప్రపంచ యూదు కాంగ్రెస్ ప్రతినిధి గెర్‌హార్ట్ రీగ్నర్ అమెరికా, బ్రిటన్ కాన్సులేట్లకు ఒక సందేశం అందించారు. యూరప్‌లోని యూదులందరినీ తూర్పుకు తరలించి ఒక్కసారిగా తుదముట్టించే పథకం హిట్లర్ వద్ద ఉందన్నది దాని సారం. స్టీఫెన్ వైజ్‌కు అందజేయమని కోరినా, అమెరికా విదేశాంగ శాఖ దాన్ని నమ్మశక్యం కాని పుకారుగా భావించి తొక్కిపెట్టింది. వైజ్‌కు అది లండన్ మీదుగా చేరింది. నిర్ధారించుకునేదాకా బయట పెట్టవద్దని విదేశాంగ శాఖ కోరగా ఆయన ఆగారు. నవంబరు 24న అనుమతి వచ్చింది. 20 లక్షల మంది యూదులను ఇప్పటికే చంపేశారని ఆయన విలేకరులకు చెప్పారు. న్యూయార్క్ టైమ్స్ ఆ వార్తను పదవ పేజీలో వేసింది. డిసెంబరు 17న అమెరికా సహా మిత్రదేశాలు ఈ హత్యాకాండను పేరుపెట్టి ఖండించి, నేరస్థులను శిక్షిస్తామని ప్రకటించాయి. అంటే 1942 చివరికి ప్రభుత్వానికీ తెలుసు, పత్రిక చదివే పౌరుడికీ తెలిసే వీలుంది. అయినా 1943 జనవరిలో గ్యాలప్ అడిగినప్పుడు 20 లక్షల మంది హత్య నిజమేనన్నవారు సగానికి తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల దారుణాలంటూ ప్రచారమైన కట్టుకథలు జనానికి గుర్తున్నాయి. పైగా, చెవిన పడిన దాన్ని నమ్మడానికి మనసు ఒప్పుకోకపోవడం కూడా ఉంది. పోలండ్ రహస్యోద్యమ దూత యాన్ కార్‌స్కీ తాను కళ్లారా చూసింది చెప్పినప్పుడు, స్వయంగా యూదుడైన సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఆయనను అబద్ధాలకోరు అనలేదు. నమ్మే శక్తి తనకు లేదన్నారు.

1943 ఏప్రిల్‌లో బెర్ముడా దీవుల్లో అమెరికా, బ్రిటన్ ప్రతినిధులు శరణార్థుల గురించి పన్నెండు రోజులు చర్చించి చేతులు దులుపుకున్నారు. ఆ సమావేశం మొదలైన రోజే, పోలండ్‌లో నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో తిరుగుబాటు మొదలైంది. యుద్ధం గెలవడమే యూదులను రక్షించే మార్గమన్నది ప్రభుత్వ వాదన. సైనికంగా అందులో కొంత నిజం ఉంది, ఎందుకంటే 1944 దాకా మిత్రసేనలు పోలండ్‌కు చాలా దూరంలో ఉన్నాయి. కానీ డబ్బు పంపడానికీ, తటస్థ దేశాల మీద ఒత్తిడి తేవడానికీ, పారిపోయి వచ్చినవారికి చోటు చూపడానికీ సైన్యం అక్కర్లేదు. హిల్లెల్ కూక్ అనే యువకుడు పీటర్ బెర్గ్‌సన్ పేరుతో నడిపిన బృందం సరిగ్గా ఈ మాటే చెప్పింది. పత్రికల్లో పూర్తిపేజీ ప్రకటనలు వేయించింది, 1943 అక్టోబరులో 400 మంది రబ్బీలను వాషింగ్టన్ వీధుల్లో నడిపించింది. రూజ్‌వెల్ట్ వారిని కలవలేదు.

కదలిక అనుకోని చోటు నుంచి వచ్చింది. రుమేనియా, ఫ్రాన్స్‌ల్లో యూదులను కాపాడేందుకు ప్రైవేటు డబ్బు పంపే అనుమతిని ట్రెజరీ (ఆర్థిక) శాఖ 1943 జులైలో ఇచ్చింది. విదేశాంగ శాఖ దాన్ని నెలల తరబడి నాన్చింది. ఎందుకని ట్రెజరీలోని యువ న్యాయవాదులు ఆరా తీయగా, ఊచకోత వార్తలు ఇక మీదట పంపవద్దని విదేశాంగ శాఖే స్విట్జర్లాండ్‌లోని తన కార్యాలయానికి ఫిబ్రవరిలో తంతి ఇచ్చిన సంగతి బయటపడింది. జొసైయా డుబాయిస్, జాన్ పేలీ, రాండాల్ఫ్ పాల్ అనే ఆ అధికారులు యూదులు కారు. యూదుల హత్యకు ఈ ప్రభుత్వం మౌనంగా సమ్మతించిందంటూ శీర్షికలోనే ఆరోపిస్తూ డుబాయిస్ నివేదిక రాశారు. మంత్రివర్గంలోని ఏకైక యూదుడు, ట్రెజరీ కార్యదర్శి హెన్రీ మార్గెంథావ్ 1944 జనవరి 16న దాని సారాంశాన్ని అధ్యక్షుడి ముందు పెట్టారు. ఆయన తండ్రి 1915లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో రాయబారిగా ఆర్మీనియన్ల ఊచకోత గురించి తెలుసుకుని వాషింగ్టన్‌కు మొరపెట్టుకున్న వ్యక్తి. జనవరి 22న రూజ్‌వెల్ట్ యుద్ధ శరణార్థుల బోర్డును ఏర్పాటు చేశారు.

ఆ బోర్డు కొద్దిమంది సిబ్బందితో, ఎక్కువగా యూదు సంస్థల విరాళాలతో నడిచింది. అయినా స్వీడన్ యువకుడు రావుల్ వాలెన్‌బర్గ్‌ను యూదులను కాపాడేందుకు హంగరీ రాజధాని బుడాపెస్ట్ పంపడంలో, తటస్థ దేశాలను కదిలించడంలో, సహాయపు సొమ్మును చేరవేయడంలో దాని పాత్ర వల్ల వేలాది ప్రాణాలు నిలిచాయి. అదే వేసవిలో 4 లక్షలకు పైగా హంగరీ యూదులను ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి తరలించారు. అక్కడి గ్యాస్ గదుల మీద బాంబులు వేయమన్న విన్నపాలను యుద్ధ శాఖ, బలగాలను మళ్లించలేమంటూ తోసిపుచ్చింది. ఆగస్టు 20న 127 అమెరికన్ విమానాలు వాటికి 8 కిలోమీటర్ల లోపున్న కర్మాగారం మీద బాంబులు వేసి వెళ్లాయి. బాంబులు వేసి ఉంటే ఎంతమంది బతికేవారన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ విన్నపాన్ని గట్టిగా పరిశీలించనైనా లేదన్నది మాత్రం కాగితాల్లోనే ఉంది. బోర్డు స్వయంగా అమెరికాకు తెచ్చిన శరణార్థులు 982 మంది. వారిని న్యూయార్కు రాష్ట్రంలోని ఆస్వీగోలో పాత సైనిక స్థావరంలో ముళ్లకంచె లోపల ఉంచారు, యుద్ధం ముగియగానే తిరిగి వెళ్తామని ముందే సంతకాలు పెట్టించుకున్నారు. తమ బోర్డు ఆలస్యంగా వచ్చిందని, చేసింది కొద్దేనని పేలీ తర్వాత ఒప్పుకున్నారు.

మొత్తం మీద 1933 నుంచి 1945 దాకా నాజీల బారి నుంచి పారిపోయిన సుమారు 2 లక్షల మంది అమెరికా చేరారు. మరే దేశమూ అంతమందిని చేర్చుకోలేదన్నది నిజం. ఉన్న చట్టం కిందనే, ఒక్క కోటా పెంచకుండానే, ఖాళీగా వదిలేసిన వీసాలతో ఇంకెందరినో చేర్చుకోగలిగేదన్నది కూడా అంతే నిజం. ఒకదాన్ని చూపి రెండవదాన్ని కప్పిపుచ్చడం నాకు సమ్మతం కాదు.

శిబిరాల ఫోటోలు, న్యూస్‌రీళ్లు అమెరికా అంతటా చూశాక కూడా చట్టం వెంటనే కదల్లేదు. 1945 డిసెంబరు 22న అధ్యక్షుడు ట్రూమన్ ఉన్న కోటాల్లోనే, యుద్ధం వల్ల ఇల్లూ దేశమూ కోల్పోయిన నిర్వాసితులకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించారు. ఆస్వీగోలోని వారికి అమెరికాలో ఉండిపోయే వీలు అప్పుడే కలిగింది. వారిని బస్సుల్లో నయాగరా వద్ద కెనడాలోకి తీసుకెళ్లి, వీసాలు చేతికిచ్చి, కొత్తగా వచ్చినవారిలా మళ్లీ లోపలికి రప్పించారు. 1948లో కాంగ్రెస్ నిర్వాసితుల చట్టం చేసింది. 1945 డిసెంబరు 22 నాటికే జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల్లోని మిత్రదేశాల ప్రాంతాలకు చేరి ఉండాలని అందులో గడువు పెట్టారు. 1946లో పోలండ్‌లో మళ్లీ జరిగిన దాడుల నుంచి పారిపోయి ఆ శిబిరాలకు వచ్చిన యూదులంతా ఆ ఒక్క తేదీతో అనర్హులయ్యారు. ఈ చట్టం యూదుల పట్ల వివక్ష చూపుతోందని ట్రూమన్ బహిరంగంగానే అంటూ సంతకం చేశారు. ఆ గడువును 1950లో సవరించారు. 1952 వరకు సుమారు 80 వేల మంది యూదు నిర్వాసితులు ఆ చట్టం కింద అమెరికాలో అడుగుపెట్టారు. అప్పటికే వారిలో చాలామంది శిబిరాల్లో ఐదారేళ్లు గడిపి ఉన్నారు.